ల్యాబుకు చేరని డబ్బా

జనవరి 21, మంగళవారం

నూలు వ్యాపారి ఇచ్చిన ఈ డైరీని ఇరవై రోజులు ఖాళీగానే ఉంచాను. రోజూ రాసుకునేంత గొప్ప బతుకా నాది? ఇవాళ మాత్రం రాయాలనిపించింది. జమునకు ఆపరేషన్ అయింది. పిత్తాశయం తీసేశారు.

గంటన్నర తర్వాత సర్జన్ బయటికి వచ్చి నన్ను పిలిచాడు. స్టీలు పళ్లెంలో చిన్న తిత్తిలాంటిది నిలువునా కోసి ఉంది. లోపల శనగగింజలంత రాళ్లు. "చూడు భాయ్, మీ ఆవిడ నొప్పికి కారణం ఇవే" అన్నాడు హిందీలో. వంగి చూశాను. లోపలా చూశాను, బయటా చూశాను. ఇరవై ఆరేళ్లుగా సూరత్‌లో, పాండేసరాలో, బట్ట చెకింగ్ చేస్తున్నవాణ్ని. సాంచెల మీంచి, అంటే మరమగ్గాల మీంచి, దిగిన బట్టను లైటు బల్ల మీద పరిచి తెగిన పోగునూ నూనె మరకనూ పట్టుకోవడమే నా పని. బిక్షపతి కన్ను దాటిన లోపం లేదని మా సేఠే అంటాడు. అందులో రాళ్లు తప్ప నాకేమీ కనిపించలేదు.

తర్వాత నర్సు ఆ తిత్తిని మందునీళ్లు పోసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన జమున పేరు రాసి, చీటీతో సహా నా చేతికిచ్చింది. రింగ్ రోడ్డు ల్యాబులో పరీక్షకు ఇవ్వాలట. "ఇవాళ వీలుకాకపోతే రేపు తప్పకుండా" అంది.

డిండోలిలో ఇంటికి వచ్చి డబ్బాను గూట్లో పెట్టానో లేదో అమ్మ కంటపడింది.

"ఏందిరా గది?"

చెప్పాను. రెండడుగులు వెనక్కి వేసింది.

"మనిషి ఒంట్లకెల్లి తీసినదాన్ని ఊరోళ్ల చేతుల పెడ్తవా? మీ బాపు వేళ్లు సాంచెల పడి తెగినప్పుడు ఏం జేసినమో యాదికి లేదా? తెల్లబట్టల సుట్టి తాపిల కలిపినం. పది దినాలల్ల పుండు మానింది. బాపుతోని పనిచేసిన ఆగయ్య వేలు దవాఖాన్లనే పారేసిండ్రు. ఎంత గోస పడ్డడు! సూసినవ్ గద."

"పరీక్ష జేస్తరటనే అమ్మా."

"తీసినోడే సూసిండు. నువ్వు సూసినవ్. ఇంకోడు కోసుకుంట సూసుడేంది?"

ఇక్కడికి వలసొచ్చిన మన తెలుగువాళ్లలో ఈ పట్టింపు లేని ఇల్లు లేదు. సాంచె మింగిన వేలైనా, బిడ్డకు ఊడిన బొడ్డైనా తాపి నదికే ఇస్తారు. మూఢనమ్మకం అంటారేమో. అననీ. నేను చూశాను కదా.

జనవరి 22, బుధవారం

పని అయిపోయింది.

ల్యాబు ముందు నుంచే పోయాను. బయట బండ్లు కిక్కిరిసి ఉన్నాయి, నిలపడానికి చోటు లేదు. అక్కడి నుంచి సర్దార్ బ్రిడ్జి దాటి, ఒడ్డుకు దిగి, తెల్లబట్టలో చుట్టి నీళ్లలో వదిలాను. మూట కాసేపు తేలి తర్వాత మునిగింది. చేతులకు అంటిన మందు వాసన మూడుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

చోటు లేదని రాశాను. ఒక్క బండి పట్టేంత ఉంది.

జనవరి 30, గురువారం

కుట్లు విప్పారు. సర్జన్ ఫైలు తిరగేస్తూ "బయాప్సీ రిపోర్టు ఏమైంది?" అన్నాడు. "నార్మల్ సాబ్. ఇంట్లో ఉంది" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. పనిలో సేఠ్ అడిగినప్పుడల్లా 'ఓకే' అని వచ్చినట్టే. ఆయన "మళ్లీ వచ్చినప్పుడు చూపించు" అంటూ ఫైల్లో ఏదో రాసుకున్నాడు. బయట ఇంకా పన్నెండు మంది కూర్చుని ఉన్నారు.

జమున దారిలో అడిగింది, "రిపోర్టు ఎప్పుడొచ్చింది? నాకు చెప్పకపోతివి."

"అంత మంచిగనే ఉందన్నరు. చెప్పుడేంది?"

మార్చి 3, సోమవారం

జమున ఇవాళ రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది. ఇంట్లో చీరల దారాలు కత్తిరించే పని మళ్లీ మొదలుపెట్టింది. అమ్మ చెప్పిందే నిజమైంది.

జూలై 11, శుక్రవారం

బొడ్డు దగ్గర, ఆపరేషన్‌కు గొట్టం దూర్చిన మచ్చ మీద చిన్న గడ్డ. నొప్పి లేదట. అమ్మ వేడిగడ్డ అని పసుపు రాసింది. జమున నవ్వుతూ "ముసలితనంల ఇంకో బొడ్డు మొలుస్తుంది నాకు" అన్నది. నేనూ నవ్వాను.

గట్టిగా ఉంది. వేలితో నొక్కి చూశాను.

జూలై 25, శుక్రవారం

గడ్డ తగ్గకపోతే చేయించిన సూది పరీక్ష రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషు కాబట్టి మా అమ్మాయి రుచిత చదివింది. మార్కెట్ ఆఫీసులో ఏ కాగితమైనా గడగడా చదివే పిల్ల, రెండో లైను దగ్గర ఆగింది. వాళ్లమ్మ మొహం చూసి, నా మొహం చూసి, "బాపూ, జర బయటికి రా" అన్నది.

క్యాన్సర్.

ఆగస్టు 1, శుక్రవారం

క్యాన్సర్ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నలభై ఏళ్లుంటాయి, గుజరాతీ మనిషి. మాతో నిదానంగా హిందీలో మాట్లాడింది. స్కాన్ తెర మీద పెట్టి వేలితో చూపించింది. బొడ్డు దగ్గర గడ్డ ఉంది. కాలేయం అడుగున, పిత్తాశయం ఉన్న చోట ఒక నీడ ఉంది.

"బొడ్డు దగ్గరున్నది అక్కడ పుట్టింది కాదు, ఎక్కడి నుంచో వచ్చింది. ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలను. నా అనుమానం పిత్తాశయం మీదే. కానీ మీ ఫైల్లో దాని రిపోర్టు నార్మల్ అని ఉంది. నిజంగా నార్మలైతే ఈ నీడ ఆపరేషన్ మచ్చ కావచ్చు. ఆ రిపోర్టు, ల్యాబులో ఉండే అద్దం స్లైడ్లు తీసుకురండి, నేనే మళ్లీ చూపిస్తాను. ఈలోపు కడుపు, పేగులు వెతుకుదాం."

జమున నావైపు తిరిగింది. "ఇంట్లున్నదంటివి గద?"

"వెతుకుత."

వెతకడానికి ఏముంది? ఇంటికి రాగానే బీరువా తెరిచి బట్టలన్నీ కింద పడేశాను. జమున పక్కనే నిలబడి ఒక్కో చీర మడత పెడుతూ నాతోపాటు వెతికింది. లేని కాగితం కోసం ఇద్దరం గంటసేపు వెతికాం. థూ, నా బతుకు.

ఆగస్టు 6, బుధవారం

జమున నోట్లోంచి గొట్టం దించి కడుపు చూశారు. బయటికొచ్చాక గొంతు బొంగురుపోయింది. "మొత్తం బాగుంది" అని డాక్టరమ్మ చెబితే జమున చేతులెత్తి మొక్కింది. కడుపులో లేదు కాబట్టి ఇక పేగుల్లో చూడాలట.

డాక్టరమ్మ స్లైడ్ల గురించి మళ్లీ అడిగింది. ల్యాబ్ మారిపోయిందని చెప్పాను.

సూరత్ మొత్తం తాగేది తాపి నీళ్లే కదా. జమున గ్లాసెత్తి తాగుతుంటే మొహం తిప్పుకున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

రేపు కింది నుంచి గొట్టం వేస్తారు. పేగులు ఖాళీ కావాలని డబ్బాడు మందునీళ్లు తాగించమన్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి జమున నిలబడలేకపోయింది. పద్దెనిమిది సార్లు పోయింది. తలుపు బయట బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. లోపలి నుంచి "అయిపోలేదా దేవుడా" అని ఏడుపు వినిపిస్తోంది. ఒక్క మాట చెబితే ఇదంతా ఆగుతుంది. నాలుక మీదికి వచ్చిన మాటే, పెదవి దాటలేదు. ఎవరో వద్దన్నట్టు, బకెట్టు నింపుకొచ్చి మళ్లీ అక్కడే నిలబడ్డాను.

ఎవరో కాదు. ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు?

అమ్మ వంటింట్లోకి పిలిచి మెల్లగా అన్నది, "గిప్పుడు చెప్తే ఏమొస్తది కొడుకా? పోయింది తిరిగొస్తదా? ఊకో."

ఊకున్నాను.

ఆగస్టు 13, బుధవారం

పేగుల్లోనూ లేదు. ఇక గర్భసంచి చూస్తారట.

ఆగస్టు 14, గురువారం

లైటు బల్ల మీద బట్ట నడుస్తుంటే తెల్లటి మూట ఒకటి దాని వెనకే నడుస్తోంది. మిషన్ ఆపి చూశాను. ఏమీ లేదు. మళ్లీ నడిపాను. మళ్లీ వచ్చింది. చేతులు వాసన చూసుకుంటుంటే పక్కబల్ల మీద పనిచేసే బ్రహ్మచారి అనే అతను "ఏందన్నా, పొద్దట్నించి ముక్కు దగ్గర చేతులు వెట్టుకుంటున్నవ్?" అన్నాడు.

రంగు వేయని గ్రే బట్టలో కొన్ని నేత పట్టీలు ఎంతటి కన్నుకైనా కనబడవు. రంగు పడ్డాకే బయటపడతాయి. మిల్లు నుంచి తాన్లకు తాన్లు వాపసు వచ్చినప్పుడు ఇదే మాట సేఠ్‌కు వందసార్లు చెప్పాను. 'మన కంటికి అందేది కాదు సేఠ్, రంగులో తెలుస్తుంది' అని. ఆ రోజు పళ్లెం ముందు నిలబడ్డప్పుడు ఈ మాట ఎక్కడికి పోయింది? చూశాను, చూశాను అని ఎన్నిసార్లు రాసుకున్నానో వెనక్కి తిప్పి చదివితే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 18, సోమవారం

రుచిత ఆఫీసుకు సెలవు పెట్టింది. "ల్యాబు మారిందంటవు, కాయితం లేదంటవు. నాకు పాత చీటీ దొరికింది బాపూ, అమ్మ ఫైల్లనే ఉంది. పా, ఇద్దరం పోదాం."

ల్యాబు ఎక్కడికీ మారలేదు. అదే చోటు, అదే మెట్లు. కౌంటర్లో నా వయసు మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. జనవరి రిజిస్టరు తీసి ఇరవై ఒకటి నుంచి నెలాఖరు దాకా ఒక్కో పేరు మీద వేలు జరిపాడు. మళ్లీ మొదటి నుంచి జరిపాడు. "ఈ పేరుతో ఏమీ రాలేదు బేన్" అన్నాడు రుచితతో.

రుచిత గుజరాతీలో అందుకుంది. అది మాట్లాడుతుంటే దాన్ని సూరత్ పిల్ల కాదని ఎవరూ అనరు. "మా బాపు స్వయంగా ఇచ్చాడు. రిపోర్టు నార్మలని కూడా మీరే చెప్పారు. మా అమ్మ శాంపిల్ పారేసి ఇప్పుడు రాలేదంటారా? మీ మీద కంప్లైంట్ రాస్తాను. మీ పేరేంటి? చెప్పండి!" ఆ మనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకుని రిజిస్టరును మూడోసారి మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. ఆ వేలు మళ్లీ మొదటి పేరు మీదికి పోగానే నా వల్ల కాలేదు.

"రుచితా, ఆపు. వాళ్ల తప్పు లేదు. డబ్బా ఇక్కడికి రాలే. నేను తేలే."

"తేలేదా? ఎటు పోయింది?"

"తాపిల కలిపిన."

"మరి రిపోర్టు?"

"అబద్ధం చెప్పిన."

అది నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. కౌంటర్లో మనిషికి చేతులు జోడించి "సారీ కాకా" అని, మెట్లు దిగి, నా బండి ఎక్కకుండా ఆటో పిలిచింది. ఆటోలో నుంచే "సీదా డాక్టరమ్మ దగ్గరికి రా" అన్నది.

డాక్టరమ్మ అంతా విన్నది. తిట్టలేదు. గర్భసంచి పరీక్ష రద్దు చేసింది. "మీరు పదిహేడు రోజుల క్రితం ఈ కుర్చీలోనే కూర్చున్నారు" అని మాత్రం అన్నది.

బయట రుచిత నా మొహం చూడకుండా చెప్పింది, "అమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

ఆగస్టు 20, బుధవారం

చెప్పాలి. రేపు.

అమ్మకు మాత్రం చెప్పాను, డాక్టరమ్మకు అంతా తెలిసిపోయిందని. అమ్మ కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "నా పేరు చెప్పు కొడుకా. ముసల్దాన్ని, సదువు రానిదాన్ని, నన్నెవలేమంటరు? కోడలికి గూడ నేనే చేపిచ్చిన్నని చెప్పు." చెప్పేద్దామా అని నిజంగానే అనిపించింది. కానీ సర్జన్ ముందు నార్మల్ అన్నది అమ్మ కాదు. ల్యాబు ముందు బండి నెమ్మది చేసి మళ్లీ వేగం పెంచింది అమ్మ కాదు.

ఆగస్టు 29, శుక్రవారం

గడ్డ ముక్కకు ప్రత్యేకమైన రంగులు వేసి చూశారట. ఇప్పుడు సందేహం లేదు, పిత్తాశయంలో పుట్టిందే. అదీ అరుదైన రకం. రెండు రకాల క్యాన్సర్ కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసి ఉన్నాయి. పిత్తాశయం క్యాన్సరే తక్కువ మందికి వస్తుంది, అందులోనూ వందమందిలో ముగ్గురికో నలుగురికో ఈ రకం వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తొందరగా పాకుతుందట. కడుపు పొర మీద కూడా చుక్కలు కనిపించాయి కాబట్టి కోసి తీసే దశ దాటింది. కీమో ఒక్కటే దారి.

అడగకూడదనుకుంటూనే అడిగాను, జనవరిలోనే తెలిసి ఉంటే?

"మళ్లీ ఆపరేషన్ చేసి కాలేయంలో కొంత భాగం, చుట్టూ ఉన్న గ్రంథులు తీసేవాళ్లం. కొందరికి అది సరిపోతుంది. మీ ఆవిడకు సరిపోయేదా? అది చెప్పాలంటే ఆ తిత్తిని చూసి ఉండాలి. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

ఎవరూ చెప్పలేరు. నా ప్రాణం ఉన్నంతకాలం ఎవరూ చెప్పలేరు.

తర్వాత ఇంకొకటి అడిగాను. దానికీ జవాబు చెప్పింది. అది రాయను.

సెప్టెంబరు 3, బుధవారం

మొదటి కీమో. మూడు వారాలకొక విడత, విడత మొదలైన వారానికి ఇంకో డోసు. జమున వాంతి చేసుకుంటూ కూడా "గొట్టాలు ఏసుడు బందు వెట్టిండ్రు, అదే పదివేలు" అన్నది. రుచిత నావైపు చూసింది.

ఇంకా చెప్పలేదు. ఒంట్లో బాగాలేనప్పుడు ఎలా చెబుతాం? ఓపిక రానీ.

సెప్టెంబరు 10, బుధవారం

ఇంకా ఓపిక రాలేదు. నాకు.

సెప్టెంబరు 14, ఆదివారం

చెప్పాను.

అమ్మ గుడికి పోయింది. రుచిత కావాలనే తలుపు దగ్గరికి వేసి బయటికి వెళ్లింది. జమున కిటికీ పక్కన కూర్చుని చీర దారాలు కత్తిరిస్తోంది. వద్దన్నా వినదు, చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందంటుంది. డబ్బా, అమ్మ మాట, తాపి, సర్జన్‌కు చెప్పిన అబద్ధం అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను. కత్తెర చప్పుడు మాత్రం ఆగలేదు.

"నోట్లకెల్లి గొట్టం ఏసిన నాడు నీకెరుకేనా?"

"ఎరుకే."

"కిందికెల్లి ఏసిన నాడు?"

"ఎరుకే."

"రోజంత పాయఖానల్నే సచ్చిన. బకీటు వట్టుకొని బయట నిలవడ్డవ్. గప్పుడు గూడ నోరు రాలేదా నీకు?"

జమున కత్తెర కింద పెట్టింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నేను సస్తనని భయపడ్డవా? లేకపోతే నేను నిలదీసి అడుగుతనని భయపడ్డవా?"

"నువ్వు యాడ సస్తవో అనే."

నన్ను పైనుంచి కిందికి చూసింది. బల్ల మీద తాన్ పరిచి నేను చూసే చూపు అది. పెళ్లయిన పాతికేళ్లలో నన్ను అలా చూడలేదు. తర్వాత చీర దగ్గరికి లాక్కుని "పో, బువ్వ తిను" అన్నది.

సెప్టెంబరు 18, గురువారం

నాలుగు రోజులుగా అవసరానికి మించి ఒక్క మాట లేదు. రుచిత కీమోకు తోడు వస్తానంటే మాత్రం వద్దన్నది. "మీ బాపే రావాలె. ప్రతిసారి ఆయన్నే. కూసోని సూడాలె."

సెప్టెంబరు 24, బుధవారం

రెండో విడత కీమో. పొద్దున తొమ్మిదికే కుర్చీ దొరికింది. నర్సు సూది గుచ్చడానికి నరం కోసం నాలుగుచోట్ల వెతికింది. జమున పళ్లు బిగబట్టింది. చూడమన్నది కదా, చూశాను.

మందు ఎక్కడం మొదలయ్యాక కుర్చీ దగ్గరికి జరిగాను. పది రోజులుగా లోపల తిరుగుతున్న మాట చెప్పేశాను.

"ఇంట్ల నువ్వు అడిగిననాడు గూడ నీకు అబద్ధమే చెప్పిన. నువ్వు అడుగుతవనే భయపడ్డ. నువ్వు పోతవన్న భయం తర్వాత వచ్చింది. చాలా తర్వాత."

కళ్లు మూసుకునే ఉంది. "ఎరుకే" అన్నది.

నాకు ఏడుపు వచ్చింది. అందరి ముందూ సిగ్గులేకుండా ఏడ్చాను. కాసేపటికి కళ్లు తెరిచింది.

"ఇంకేం దాసినవ్?"

డాక్టరమ్మ ఆ రోజు నాకొక్కడికే చెప్పిన, ఇక్కడ రాయనన్న మాట మిగిలే ఉంది. మా ఇళ్లల్లో ఇలాంటివి రోగికి చెప్పరు. పక్కింటికి తెలుస్తుంది, మేనమామకు తెలుస్తుంది, మంచంలో ఉన్నవాళ్లకు మాత్రం చెప్పరు. అది తప్పని నేనూ ఏనాడూ అనుకోలేదు.

"ఎన్ని దినాలని అడిగిన. మందు మంచిగ పని చేస్తే ఏడాది అన్నది. అంతకంటె ఎక్కువ ఆశ వెట్టుకోవద్దన్నది."

"ఏడాదంటే, మళ్లా దసరా దాకనా?"

"గట్లనే."

సీసాలో బుడగలు చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదిలాయి, నెలలు లెక్కపెట్టుకుందేమో. చెయ్యి జాపితే పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"రుచితకు ఎరుకనా?"

"లేదు. నేను చెప్త."

"నువ్వద్దు. నేనే చెప్త. నువ్వు నోరు తెరిచేసరికి నా సంవత్సరీకం గూడ అయిపోతది."

అని నవ్వింది. పక్క కుర్చీలో మనిషి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను, రాలేదు.